పడటం ముందు, కర్ర తర్వాత: రేచీకటి ఉన్న ఒక పిల్లవాడు, ఒక జూడో మాస్టర్

కేసు: మగపిల్లవాడు, 15 ఏళ్లు, తొమ్మిదో తరగతి, సీతాఫల్‌మండి. జబ్బు రెటినైటిస్ పిగ్మెంటోసా. కంటి డాక్టర్ మా దగ్గరికి పంపిన చీటీలో రాసింది ఒక్క లైను: ‘తరచూ పడిపోతున్నాడు, తెల్లకర్ర వద్దంటున్నాడు.’

చూపు తగ్గినవాళ్లకు సొంతంగా నడవడం, దారి గుర్తుపట్టడం, రోడ్డు దాటడం నేర్పడం నా పని. ఆసుపత్రి భాషలో ఓరియెంటేషన్ అండ్ మొబిలిటీ ట్రైనర్. ఇంటివాళ్ల అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. పిల్లవాణ్ని ఇంట్లో పిలిచినట్టే చిన్నోడు అంటాను. అతనికి జూడో నేర్పుతున్న పెద్దాయన రైల్వేలో చేసి రిటైరయ్యారు. వారాసిగూడలో అందరూ ఆయన్ని మాస్టర్ అంటారు, నేనూ అంతే.

చూపు ఎంత, ఎక్కడ

అద్దాలు పెట్టుకుంటే కుడికన్ను 6/18, ఎడమకన్ను 6/24. అంటే మామూలు కన్ను 18 మీటర్ల నుంచి చదివేదాన్ని అతని కుడికన్ను 6 మీటర్ల నుంచి చదువుతుంది. అద్దాల పవర్ చిన్నదే, మైనస్ ఒకటిన్నర. ఈ అంకెలు మాత్రమే చూసినవాళ్లు ‘పర్వాలేదు కదా’ అంటారు. అసలు కష్టం ఫీల్డ్ టెస్టులో, అంటే చూపు ఎంత వెడల్పు ఉందో కొలిచే పరీక్షలో తెలిసింది. రెండు కళ్లకూ మధ్యలో 12 డిగ్రీల మేర చూపే మిగిలింది. మామూలు మనిషికి రెండు కళ్లతో కలిపి అడ్డంగా 180 డిగ్రీలకు దగ్గరగా కనిపిస్తుంది. చిన్నోడు లోకాన్ని ఒక సన్నటి పైపులోంచి చూస్తున్నట్టు లెక్క. పైపు చివర ఉన్నది స్పష్టంగానే ఉంటుంది, పైపు బయట ఉన్నదేదీ లేనట్టే.

ఈ జబ్బులో రెటీనాలోని, అంటే కంటి వెనక తెరలోని రాడ్ కణాలు ముందు చచ్చిపోతాయి. మసక వెలుతురులో చూపూ, పక్కల నుంచి వచ్చేదాన్ని పసిగట్టడమూ వాటి పని. అందుకే మొదట రేచీకటి వస్తుంది, ఆ తర్వాత పక్కచూపు చుట్టూ నుంచి మూసుకొస్తుంది. చదవడానికీ రంగులకూ పనికొచ్చే కోన్ కణాలు చాలాకాలం నిలబడతాయి. ప్రపంచంలో సుమారు 4,000 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుందని అంచనా. మన దగ్గర మేనరికాల వల్ల దీన్ని ఇంకా ఎక్కువ చూస్తాం. చిన్నోడి తల్లి చేసుకున్నది సొంత మేనమామనే. తల్లిదండ్రులిద్దరిలోనూ లోపమున్న జన్యువు ఒక్కో ప్రతి ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. అతనికి పదకొండేళ్ల చెల్లెలు ఉంది. మొదటిరోజు తల్లి అడిగిన తొలి ప్రశ్న కొడుకు గురించి కాదు, ఆ పిల్ల గురించి.

అందరూ అడిగేదే కాబట్టి మందు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. అమెరికాలో 2017లో అనుమతి వచ్చిన జన్యు చికిత్స ఒకటుంది. అది ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువు రెండు ప్రతుల్లోనూ లోపమున్నవాళ్లకే. మిగతావాళ్లకు పోయిన చూపును తిరిగి తెచ్చే మందు లేదు. ఈ కుటుంబం మా దగ్గరికి వచ్చేలోపు చుక్కల మందులకూ, పసర్లకూ పెట్టిన ఖర్చుతో ఇంట్లో రెండు గదులకు మంచి ఎల్‌ఈడీ లైట్లు పడేవి. పనికొచ్చేవి కూడా.

‘యాక్టింగ్’

స్కూల్లో అతని పేరు అదే. బోర్డు మీద లెక్క చదువుతాడు, ఫోన్‌లో చిన్న అక్షరాల మెసేజ్ చదువుతాడు. కానీ కారిడార్‌లో ఉన్న బకెట్‌ను తన్నుకుని పడతాడు. నీళ్ల గ్లాసు చేతికందిస్తే అది కనపడక అలాగే నిలబడతాడు. ఎదుటివాడికి ఇది నాటకంలాగే కనిపిస్తుంది. పూర్తిగా చూపు లేనివాడికి దొరికే జాలి కూడా ఈ పిల్లలకు దొరకదు. ‘నిజంగ కనపడ్తలేదా, చూద్దాం’ అని పిల్లలు కాళ్లు అడ్డం పెట్టేవాళ్లు. అతను పడితే నవ్వేవాళ్లు, తప్పించుకుంటే ‘చూసిన్రా, యాక్టింగ్’ అనేవాళ్లు. ఎటు చూసినా ఓటమి అతనిదే.

ఎనిమిదో తరగతిలో ఒక సాయంత్రం కరెంటు పోయింది. గల్లీలో మూతలేని డ్రైనేజీ చాంబర్‌లో కాలు పడింది. చేయి చాచి ముందుకు పడ్డాడు, మణికట్టు విరిగింది. పిండికట్టు విప్పాక ఇంట్లో కొత్త నియమం వచ్చింది. ఆరు దాటితే బయటికి వెళ్లకూడదు. పొద్దున్నే తల్లి చెయ్యి పట్టుకుని స్కూలు గేటు దాకా దిగబెడుతుంది. మీసం వస్తున్న పిల్లవాణ్ని అమ్మ చెయ్యి పట్టి గల్లీలోంచి నడిపించుకుపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గల్లీ క్రికెట్ మానేశాడు, పెళ్లిళ్లకు రానన్నాడు. మా దగ్గర కూర్చున్నప్పుడు కూడా వాక్యం సగంలో ఆపి తల్లివైపు తిరిగేవాడు.

నడక ఎలా ఉందో కొలిచాం. ముందు నా మోచేయి పట్టుకుని, ఏ భయమూ లేకుండా తనకు హాయిగా ఉన్న వేగంతో నడవమన్నాను. తర్వాత అదే దూరం ఒంటరిగా నడిపించాను. ఒంటరి వేగం తోడున్న వేగంలో ఎంత శాతమో చూస్తే చూపు నడకను ఎంత వెనక్కి లాగుతోందో తెలుస్తుంది. చిన్నోడు పగటిపూట తెలియని దారిలో సగం వేగంతో నడిచాడు. సాయంత్రం చీకట్లో మూడో వంతుకు పడిపోయాడు. భుజాలు పైకి బిగించి, చూపు బూట్ల మీద పెట్టి, పాదాలు ఈడుస్తూ, చేతులు పొట్ట ముందు పెట్టుకుని నడిచాడు. అసలే 12 డిగ్రీల చూపు. దాన్నీ నేలమీదే పెడితే ఎదురుగా వచ్చే ఆటో ఎట్లా కనపడుతుంది?

మామూలు వరసలోనే మొదలుపెట్టాం. తోడు మనిషి మోచేతికి పైన పట్టుకుని అరడుగు వెనక నడవడం, గోడను వేళ్ల వెనకవైపుతో తాకుతూ పోవడం, ముఖానికి అడ్డంగా చేయి పెట్టుకోవడం, తలను ఒక వరసలో తిప్పుతూ చూపును నలుమూలలా పంపడం. అన్నీ చురుగ్గా నేర్చుకున్నాడు. కర్ర దగ్గర ఆగిపోయాడు. మడత కర్ర ఇస్తే బ్యాగులో పుస్తకాల కిందికి పోయింది. “కర్ర పట్టుకుంటే ఇంక ఎక్కువ యాక్టింగ్ అంటరు మేడమ్” అన్నాడు. వాడి తర్కంలో నాకు తప్పు కనపడలేదు.

మాస్టర్ ఫోను

చిన్నోడు పెద్దమ్మ కొడుకు వెంట ఒకరోజు వారాసిగూడలో జూడో క్లాసు చూడ్డానికి వెళ్లాడు. కిరాణా దుకాణం మీద మొదటి అంతస్తులో హాలు, రబ్బరు మ్యాట్లు, పదిహేను ఇరవై మంది పిల్లలు. ఎక్కువమంది ఆటోడ్రైవర్ల, మేస్త్రీల, రైల్వే క్వార్టర్ల పిల్లలు. నెల ఫీజు ఇవ్వగలిగినవాళ్లు ఇస్తారు. వెళ్లేటప్పుడు చిన్నోడు చెప్పులు వెతుక్కోవడం మాస్టర్ గమనించారట. చెప్పులు కాళ్ల పక్కనే ఉన్నాయి, వాడు ఇంకెక్కడో వెతుకుతున్నాడు. విషయం కనుక్కుని, తల్లి దగ్గర నంబర్ తీసుకుని నాకు ఫోన్ చేశారు.

“అమ్మా, పిలగాడు పడుతడని అందరు పట్టుకుంటున్నరు. ఎన్నేండ్లు పట్టుకుంటరు? పడుడు నేర్పుదాం. నువ్వు సరేనంటెనే నేర్పుత.”

నాకు వెంటనే సరే అనిపించలేదు. ఒళ్లు నేలకు కొట్టుకునే ఆట, రెటీనా జబ్బున్న పిల్లవాడు. రెటినైటిస్ పిగ్మెంటోసా ఉందని ఒంటిని తాకే ఆటలన్నీ వద్దనక్కర్లేదు. కానీ పెద్ద మైనస్ పవర్ ఉన్నా, రెటీనా అంచుల్లో పలచబడ్డ చోట్లో రంధ్రాలో ఉన్నా కుదుపుకు రెటీనా ఊడే ప్రమాదం ఉంటుంది. అందుకే కంటిపాప పెద్దది చేసి అంచుల దాకా చూడమని రెటీనా డాక్టర్‌ను అడిగాం. పవర్ చిన్నది, అంచులు బాగున్నాయి. డాక్టర్ షరతులతో ఒప్పుకున్నారు. మ్యాట్ మీద అద్దాలు ఉండకూడదు. తలకు దెబ్బ తగిలినా, కళ్లముందు మెరుపులు, కొత్త నల్లచుక్కలు కనిపించినా అదే రోజు ఆసుపత్రికి రావాలి. ఏటా అంచుల పరీక్ష తప్పకూడదు. వీటికి నేను ఒకటి కలిపాను: మొదటి ఆరు నెలలు ఎవరూ అతన్ని విసరకూడదు. మాస్టర్ నవ్వారు. “ఆర్నెల్లెందుకమ్మా, నేను ఎవలనన్న గంతే ఆపుత” అన్నారు.

ఈ కేసు చదివి ఎవరైనా తమ దగ్గరికొచ్చే పిల్లల్ని జూడోకు పంపాలనుకుంటే, ఈ పేరాను మాత్రం దాటి పోవద్దు.

మ్యాట్ మీద

జూడోలో ముందు నేర్పేది ఉకెమి, అంటే దెబ్బ తగలకుండా పడే పద్ధతి. ప్రతి క్లాసులోనూ దీన్ని నేర్పుతారు, చాలాచోట్ల వారంలో ముగించేసి విసరడంలోకి దిగిపోతారు. మాస్టర్ దగ్గర అట్లా కాదు. బెల్టు ఏ రంగైనా సరే, ప్రతిరోజూ అందరూ ముందు పడాలి.

మనిషి తూలగానే చేతులు ముందుకు చాస్తాడు. ఒంటి బరువంతా అరచేతి మడమ మీదుగా మణికట్టు మీద పడుతుంది. చిన్నోడి ఎముక అలాగే విరిగింది. ఉకెమి ఈ అలవాటును తిరగరాస్తుంది. గడ్డం ఛాతికి ఆనాలి, వీపు గుండ్రం కావాలి, ఊపిరి వదలాలి. నేల తగిలే క్షణంలో భుజం నుంచి అరచేతి దాకా చేయంతా ఒకేసారి మ్యాట్‌ను కొట్టాలి, ఒంటికి దూరంగా కాస్త వాలుగా. దెబ్బ ఒక్కచోట పోగుపడకుండా పెద్ద జాగాలో పరుచుకుంటుంది. మొదట పడుకుని, తర్వాత గొంతుక్కూర్చుని, తర్వాత నిలబడి చేస్తారు. వెనక్కి పడటం వచ్చాక పక్కకు, అది వచ్చాక భుజం మీదుగా దొర్లడం.

గడ్డం ఆనించడానికి మామూలుగా ‘బెల్టు ముడి చూడు’ అంటారు. చిన్నోడికి ఆ మాట పనికిరాదు. పడే ఊపులో 12 డిగ్రీల చూపుతో ముడి వెతికేలోపు తల నేలకు తగులుతుంది. మాస్టర్ జేబురుమాలు నాలుగు మడతలు పెట్టి గడ్డం కింద ఉంచారు. పడి లేచేదాకా అది జారకూడదు. చూపుతో చెప్పాల్సిన దాన్ని ఒంటి స్పర్శతో చెప్పడానికి మా కోర్సులో నెలల తరబడి చదువుకుంటాం. ఆయనకు అది ఎవరూ నేర్పలేదు. అడిగితే, “పిలగాడు తప్పు చేస్తే రుమాలే చెప్పాలె, నేను మొత్తుకునుడెందుకు” అన్నారు.

మొదటి వారాలు చూడ్డానికి బాగాలేవు. వాడి వయసు పిల్లలు హాలు అవతలి కొసలో ఒకర్నొకరు ఎత్తి వేస్తుంటే వీడు ఇవతల వెల్లకిలా పడుకుని మ్యాట్‌ను కొడుతూ ఉండేవాడు. బరువు 42 కిలోలు. కొన్న డ్రెస్సు పొడుగు చేతులు మోచేతిదాకా మడిచారు. మానేస్తాడేమో అనుకున్నాను. మానలేదు. ఎందుకు మానలేదని తర్వాత అడిగితే వచ్చిన జవాబు నన్ను ఆలోచనలో పడేసింది: “ఆడ పడితే ఎవ్వలు నవ్వరు మేడమ్. అందరు పడుతరు.”

హాలులో మా పని కొంత జరిగింది. మ్యాట్ అంచు అతనికి కనపడదు. చూపులేనివాళ్లు ఆడే గోల్‌బాల్‌లో గీత కింద తాడు వేసి పైన టేపు అంటిస్తారు, కాలికి తగిలి తెలుస్తుంది. సుతిలితో అదే చేశాం. పడమటి కిటికీ వెలుతురు సాయంత్రం కళ్లలో కొట్టేది. అతన్ని ఎప్పుడూ కిటికీకి వీపు పెట్టి నిలబెట్టమన్నాను. ఈ జబ్బులో ఎండలోంచి నీడలోకి వచ్చాక కళ్లు సర్దుకోవడానికి చాలాసేపు పడుతుంది కాబట్టి, మెట్ల పైన ఐదు నిమిషాలు కూర్చున్నాకే లోపలికి రావాలి. బయట ఎండలో టోపీ. చెప్పులకు, నీళ్ల సీసాలకు ఒక మూల ఖాయమైంది. ఆ నియమం పిల్లలందరికీ, చిన్నోడి కోసమని మాస్టర్ ఎప్పుడూ చెప్పలేదు.

పట్టు దగ్గర అసలు కష్టం వచ్చింది. నిలబడి ఆడేటప్పుడు ఎదుటివాడి ముఖం కనిపిస్తుంది, పక్కల నుంచి వచ్చే చేతులు కనపడవు. కాలర్ దొరికిపోయాక గానీ తెలియదు. మాస్టర్ దీనికి ఒకటే దారి చెప్పారు. చేతుల కోసం చూడొద్దు, మోచేతి దగ్గర గుడ్డ మొదట నువ్వే పట్టుకో, పట్టినాక వదలకు. గుడ్డ బిగిస్తే అవతలివాడి బరువు ఏ కాలి మీదుందో వేళ్లకు తెలుస్తుంది. బరువు మారే ఆ లిప్తలోనే అవతలివాడి అడుగును కాలితో తప్పించాలి. నేల మీది కుస్తీలో చూపు అవసరం ఇంకా తక్కువ. పక్కనుంచి మెడ చుట్టూ చేయి వేసి అదిమిపెట్టే కెసా గటామె అతనికి నచ్చిన పట్టు అయింది.

శుక్రవారం అందరూ కళ్లకు తువ్వాలు కట్టుకుని ఆడాలి. అప్పటిదాకా ఎదురులేని పిల్లలు కొందరు గాల్లో చేతులాడించారు, కొందరు నిలబడ్డచోటే బిగుసుకుపోయారు. చిన్నోడు ఆ రోజుల్లో కొన్ని గెలిచాడు. అన్నీ ఏం కాదు. పట్టు బాగున్న ఒకమ్మాయి తువ్వాలు ఉన్నా లేకున్నా అతన్ని పడేసేది. కానీ కళ్లకు గుడ్డ కట్టుకుని గోడకు తగిలిన పిల్లలు ఆ తర్వాత అతన్ని అడిగిన ప్రశ్నలు వేరు. ‘మరి నువ్వు మెట్లెట్ల దిగుతవ్?’ అని ఒకడు అడిగాడు. ఇన్నేళ్లలో తోటిపిల్లలెవరూ ఆ ప్రశ్న అడగలేదు.

మాస్టర్ ఉపన్యాసాలిచ్చే మనిషి కాదు. పిల్లలకు చెప్పే కథ ఒక్కటే. 1882లో టోక్యోలో జూడో మొదలుపెట్టిన జిగోరో కానో పొట్టివాడనీ, బడిలో పెద్దపిల్లలు కొడుతుంటే తట్టుకోలేక జుజుత్సు నేర్చుకున్నాడనీ చెబుతారు. ఇంకో పేరు నేను ఇచ్చాను. మధ్యప్రదేశ్ కుర్రాడు కపిల్ పర్మార్ చిన్నప్పుడు పొలంలో కరెంటు షాకు తగిలి చూపు దెబ్బతిన్నవాడు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 60 కిలోల విభాగంలో కాంస్యం గెలిచాడు. పారాలింపిక్ జూడోలో మన దేశానికి అదే మొదటి పతకం. చిన్నోడు ఆ వీడియోను ఫోన్‌లో చూశాడు. అతను చూసింది పతకం కాదు. ఆట మొదలయ్యే ముందే ఇద్దరి చేతా పట్టు పట్టించడం చూశాడు. “ముందుగాల్నే పట్టుకోనిస్తరా!” అన్నాడు.

ఆగిపోయిన నెల

మధ్యలో తల్లి మాన్పించింది. మోచేతుల మీద కమిలిన మచ్చలు చూసింది. తోడికోడలు ‘ఉన్న కండ్లు గూడ పోగొడ్తవా’ అందట. నేను ఇంటికి వెళ్లి మాట్లాడాను, ఫలితం లేదు. మాస్టర్ వెళ్లలేదు. తల్లిని హాలుకు రమ్మని కబురు పెట్టారు, వచ్చాక కుర్చీ వేశారు. మాటల్లేవు. కొడుకు నిలబడ్డ ఎత్తు నుంచి వెనక్కి, పక్కకు, ముందుకు పడి లేవడం ఆమె చూసింది. తర్వాత మాస్టర్, “నువ్వు గూడ ఒకసారి పండుకొని చెయ్యి కొట్టు చెల్లె, దెబ్బ తాకుతదో లేదో తెలుస్తది” అన్నారు. చీర కొంగు నడుముకు చుట్టుకుని ఆమె ఒకసారి మ్యాట్‌ను కొట్టింది. మర్నాటి నుంచి చిన్నోడు మళ్లీ వెళ్లాడు. తండ్రి మాత్రం ఇప్పటికీ హాలు మెట్లు ఎక్కలేదు, డ్రెస్సుకు డబ్బు మాత్రం ఇచ్చాడు.

కర్ర బ్యాగులోంచి బయటికి

ఆషాఢంలో లష్కర్ బోనాలు. అన్నదమ్ముల వరస పిల్లలందరూ రాత్రి సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడివైపు వెళ్తున్నారు. చిన్నోడు తానూ పోతానన్నాడు. కిందటేడు ఆ మాట అనే ధైర్యమే లేదు. చీకట్లో, ఆ గుంపులో కర్ర లేకుండా కుదరదని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, “సరే మేడమ్, కర్ర ఉన్నా పడొచ్చు గద. పడితే లేస్త” అన్నాడు.

ఇన్ని నెలలు నేను నచ్చజెప్పలేనిది ఆ మాటలో తేలిపోయింది. పడటమంటే ప్రాణం పోయినంత భయమున్నప్పుడు, ఆ భయాన్ని పదిమందికీ చాటే వస్తువుగా కర్ర కనిపిస్తుంది. భయం తగ్గాక కర్ర పనిముట్టు అయింది. మా పాఠాల వరసలో పడకుండా చూసుకోవడం ఉంటుంది, పడ్డాక ఏం చేయాలో ఉంటుంది, పడటమెలాగో ఉండదు. కౌమారంలో ఉన్న, ఎముకలు గట్టిగా ఉన్న, రెటీనా అంచులు బాగున్న పిల్లల విషయంలో దాన్ని మొదటికి తేవాలని ఇప్పుడు నా అభిప్రాయం.

కర్ర పొడవు ఛాతి ఎముక దాకా. కొనను భుజాల వెడల్పు కన్నా కాస్త ఎక్కువగా ఎడమకు కుడికి ఆడించాలి, ఏ కాలు ముందుకేస్తే కొన దానికి ఎదురువైపు ఉండాలి. తాళం వారంలో కుదిరింది. జూడో అడుగుల వల్లే తొందరగా కుదిరిందని మాస్టర్ అంటారు. అది నిరూపించే కొలత నా దగ్గర లేదు. ఇంటి నుంచి ఎంఎంటీఎస్ (లోకల్ రైలు) స్టేషన్ ఒక దారి, వారాసిగూడ హాలు ఒక దారి, ఆలుగడ్డ బావి మీదుగా మెట్టుగూడ మెట్రో మూడోది. మెట్రో స్టేషన్లో పసుపు పలకలు ఉంటాయి. పొడుగు గీతలుంటే నడువు, చుక్కలుంటే ఆగు. స్టేషన్ మెట్లు దిగి రోడ్డు మీదికి రాగానే ఆ మర్యాద ముగుస్తుంది. ఫుట్‌పాత్ మీద బజ్జీల బండి, దాని పక్కన బైకులు. కర్ర బైకు చక్రాన్ని పట్టిస్తుంది గానీ నడుం ఎత్తులో పొడుచుకొచ్చిన హ్యాండిల్‌ను పట్టించదు. సగం దించిన షట్టర్‌ను అసలు పట్టించదు. కాబట్టి ముఖానికి అడ్డంగా పెట్టే చేయి పాఠం మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఈసారి ఎందుకో అడగకుండానే అర్థమైంది.

కొలతలు

ఒక బడి ఏడాది తర్వాత మళ్లీ నడిపించాం. పగలు తెలియని దారిలో వేగం సగం నుంచి ముప్పాతికకు వచ్చింది. చీకట్లో కర్రతో మూడో వంతు నుంచి సగం దాటింది. చూపు బూట్లను వదిలి ముందుకు లేచింది. ఫీల్డ్ టెస్ట్ మాత్రం అక్కడే ఉంది, 12 డిగ్రీలు. జూడో కంటిని బాగుచేయలేదు, చేయదు. ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను, ఎందుకంటే ఈ కేసు విన్న ఒకరిద్దరు తల్లిదండ్రులు ‘అయితే చూపు పెరిగిందా’ అని అడిగారు.

తల్లి రాసిన పడిపోయే లెక్కల పుస్తకంలో ఇంకో సంగతి ఉంది. మొదటి నెలల్లో అతను పడటం తగ్గలేదు, కొంచెం పెరిగింది కూడా. బయట తిరగడం పెరిగింది కాబట్టి. తగ్గినవి దెబ్బలు. వానాకాలంలో ఎంఎంటీఎస్ స్టేషన్ తడిమెట్ల మీద చివరి మెట్టు తప్పి పడ్డాడు. చేతులు చాచలేదు, భుజం తిప్పి పక్కకు ఒరిగాడు. ముంజేయి గీసుకుపోయింది, ఎముకకు ఏమీ కాలేదు, అదే రైలెక్కి స్కూలుకు వెళ్లాడు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మ్యాట్ మీద కొట్టినట్టు సిమెంటును చేత్తో కొడితే చేయి పగులుతుంది. మాస్టర్ బయటి కోసం దొర్లడాన్నే వేరుగా సాధన చేయించారు.

ఇదంతా జూడో వల్లేనా? చెప్పలేను. అదే ఏడాది కర్ర పాఠాలు నడిచాయి, పిల్లవాడు నాలుగంగుళాలు పెరిగాడు, ఇంట్లో లైట్లు మారాయి, గల్లీ చాంబర్‌కు మూత పడింది. స్కూలుకు కూడా వెళ్లాం. టీచర్లకు కాగితపు గొట్టాలు కళ్లకు పెట్టి కారిడార్‌లో నడిపించాం. ‘బోర్డు చదువుతడు, మనిషి కనపడడా’ అన్న సారే తలుపుకు గుద్దుకున్నారు. కాళ్లు అడ్డం పెట్టడం ఆగింది. ‘యాక్టింగ్’ అన్న పేరు పోలేదు.

అన్ని చూపులవాళ్లూ ఆడే ఒక లోకల్ టోర్నమెంట్‌లో 50 కిలోల లోపు విభాగంలో దిగాడు. అవతలివాడు మొదటి నిమిషంలోనే కాలర్ దొరికించుకుని ఇప్పన్‌తో, అంటే ఆటను అక్కడికక్కడే ముగించే పూర్తి పాయింటుతో ముగించాడు. చిన్నోడు చక్కగా పడ్డాడు, లేచి వంగి నమస్కరించి వచ్చాడు, తర్వాత బాత్రూమ్‌లో ఏడ్చాడట. మాస్టర్ ఓదార్చలేదు. మర్నాడు మోచేతి గుడ్డ పట్టే సాధన రెట్టింపు చేశారు.

ఇప్పుడు

పదో తరగతి. వైకల్య సర్టిఫికెట్‌లో 40 శాతం దాటింది కాబట్టి పరీక్షలో అదనపు సమయానికి దరఖాస్తు పెట్టాం. బ్లైండ్ జూడోలో చూపు అసలు లేనివాళ్లు, అతి తక్కువగా ఉన్నవాళ్లు జే1, కొంత చూపున్నవాళ్లు జే2 కింద ఆడతారు. చిన్నోడు అర్హుడో కాదో వాళ్ల కంటి డాక్టర్లు పరీక్షించి తేల్చాలి, ఆ కాగితాలు నడుస్తున్నాయి. మాస్టర్‌కూ నాకూ ఇక్కడ చిన్న పేచీ ఉంది. చదివే చూపు నిలకడగా ఉండగానే స్క్రీన్ రీడర్ (తెర మీదిది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) నేర్చుకోవాలని నేనంటాను. పోయాక నేర్చుకోవడం రెండింతల కష్టం. ఆయన సెలక్షన్స్ దాకా ఆగమంటారు. ప్రస్తుతానికి ఒప్పందం: పొద్దున మ్యాట్, రాత్రి పడుకునే ముందు అరగంట ఫోన్‌లోని స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్, స్క్రీన్ ఆపేసి. చెల్లెలికి ఫీల్డ్ టెస్టూ, రెటీనా కణాల విద్యుత్ స్పందనను కొలిచే ఈఆర్‌జీ పరీక్షా రెండూ చేయించాం. ఇప్పటికి మామూలుగానే ఉన్నాయి, వచ్చే ఏడాది మళ్లీ చేయాలి.